కొత్తగూడ భవనం, పోచారం మీటరు

నేను బ్యాంకులో చేరిన రోజుల్లో భవనం ఖరీదంటే కట్టడానికయ్యే ఖర్చే. స్థలం, సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి, లిఫ్టు... అప్పు కాగితాల్లో అన్నిటికీ గళ్లుండేవి. ఆ కట్టడం ముప్పై ఏళ్లపాటు ఎంత కరెంటు తాగుతుందో రాయడానికి మాత్రం చోటుండేది కాదు. ఆ ప్రశ్నను హైదరాబాదులో గట్టిగా లేవనెత్తింది కొత్తగూడలోని ఒక చిన్న భవనం.

దాని పేరు సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. విస్తీర్ణం 20,000 చదరపు అడుగులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పరిశ్రమల సమాఖ్య సీఐఐ, పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషన్ కలిసి కట్టించాయి. రూపశిల్పి కరణ్ గ్రోవర్. 2003లో దీనికి అమెరికా హరిత భవన మండలి ఇచ్చే లీడ్ ప్లాటినం రేటింగు వచ్చింది. అమెరికా బయట ఆ రేటింగు అందుకున్న మొదటి కట్టడం ఇదే. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు.

మండువా ఇల్లు ఎరిగినవాళ్లకు లోపల వింతేమీ కనబడదు. నడుమ గుండ్రని వాకిలి, చుట్టూ గదులు, ఎండను వడగట్టే జాలీ గోడలు. పగలు దీపం వేయకుండానే పని సాగుతుంది. బయటి గాలిని రెండు గాలి గోపురాలు చల్లబరిచి ఏసీకి అందిస్తాయి. కప్పు మీద సగానికి పైగా పచ్చిక, మిగతా చోట సోలార్ పలకలు. ఇదే సైజు మామూలు భవనం వాడే కరెంటులో సగం కూడా దీనికి అక్కర్లేదని లెక్క తేల్చారు.

అయితే కట్టుబడి ఖర్చు 18 శాతం ఎక్కువైంది. అది తిరిగి రావడానికి ఏడేళ్లన్నారు. ఏడేళ్లా అని పెదవి విరిచినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లే ఆరు శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుని నిశ్చింతగా ఉండేవారు. ఏడేళ్లలో అసలు చేతికొస్తుందంటే మోటు లెక్కన ఏటా 14 శాతం రాబడి! తర్వాత కట్టినవాటికి ఆ అదనపు భారం కూడా తగ్గుతూ వచ్చింది. గుర్గావ్‌లో ఐటీసీ గ్రీన్ సెంటర్‌కు 15 శాతమైతే, ఆ తర్వాత కొన్నిటికి రెండు శాతమే. సరుకు దేశంలోనే దొరకసాగింది, పని తెలిసిన ఇంజినీర్లు పెరిగారు.

అసలు తీర్పు మాత్రం హైదరాబాదు శివారు పోచారంలో వచ్చింది. 2011లో ఇన్ఫోసిస్ అక్కడొక ఆఫీసు భవనాన్ని రెండు సమాన భాగాలుగా కట్టింది. ఒక భాగానికి మంచి రకం మామూలు ఏసీ. రెండో భాగంలో స్లాబులోనే గొట్టాలు పరిచి చల్లని నీళ్లు పారించారు. ఎండ ఒకటే, ఆఫీసు పని ఒకటే, మీటర్లు వేరు. రెండేళ్లు చూస్తే గొట్టాల వైపు చల్లదనానికి 34 శాతం తక్కువ కరెంటు కాలింది. బ్యాంకువాణ్ణి గనక నాకు ఇంకో అంకె ముచ్చటగా తోచింది: చదరపు మీటరుకు మామూలు ఏసీకి 3,327 రూపాయలైతే, దీనికి 3,302. పొదుపు చేసేదే పాతిక రూపాయలు చవక!

మరి ఊరంతా ఇలా ఎందుకు కట్టలేదు? కొత్తగూడలోనూ పోచారంలోనూ కట్టించినవాళ్లే కాపురం ఉన్నారు, బిల్లూ వాళ్లదే. మిగతాచోట్ల కట్టేది బిల్డరు, కరెంటు బిల్లు కట్టేది అద్దెకు దిగినవాడు. అందుకే ఆ గ్రీన్ సెంటర్ చుట్టుపక్కలే పడమటి ఎండకు ఎదురుగా నిలువెత్తు అద్దాల మేడలు లేచాయి. 2007లో కేంద్రం ఇంధన పొదుపు భవన నియమావళి తెచ్చింది గాని, రాష్ట్రాలు సొంతంగా అమలుచేస్తేనే దానికి బలం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో ఆ పని చేసింది. రేటింగు ఫలకాల మీద నాకు పెద్ద గురి లేదు. చాలావాటిని నక్షా చూసి ఇస్తారు, మీటరు చూసి కాదు.

ఆఫీసుకు చోటు వెతికేవారికి నాదొక మనవి. నిరుటి పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడిగి తీసుకోండి. చదరపు మీటరుకు ఏటా ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో లెక్కేయండి. 2009 నుంచి ఆఫీసు భవనాలకు కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇస్తున్న స్టార్లకు ఆధారం ఆ అంకే. అది తేలాకే అద్దె మాట్లాడండి.