జుఫురే నుంచి చుండూరు దాకా

1946 జులై 2న డాక్టర్ అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి నాయకుడు డుబాయిస్‌కు ఓ ఉత్తరం రాశారు. అక్కడి నల్లజాతివారు తమ గోడు ఐక్యరాజ్యసమితికి విన్నవించుకున్నారని విన్నాను, ఆ విజ్ఞాపన ప్రతులు రెండో మూడో పంపగలరా అని అడిగారు. అంటరానివారి బతుక్కీ, నల్లవారి బతుక్కీ ఎంతో పోలిక ఉందని కూడా రాశారు. డుబాయిస్ ఆ నెలాఖరునే జవాబిచ్చారు.

ఆఫ్రికాలో ఉన్నా, బానిస ఓడలెక్కి చెల్లాచెదురైనా నల్లవారంతా ఒక్కటే అన్న పాన్ ఆఫ్రికనిజానికి పెద్ద దిక్కు ఈ డుబాయిసే. 1919లో పారిస్‌లో పాన్ ఆఫ్రికన్ మహాసభ జరిపించింది ఆయనే. ఆ భావన సభలతో ఆగలేదు, ఇళ్లలోకి వచ్చింది. యజమానులు తగిలించిన పేర్లు వదిలి కొందరు ఆఫ్రికా పేర్లు పెట్టుకున్నారు. 1966 నుంచి ఏటా డిసెంబరు 26 మొదలు ఏడు రోజులు తమ ఆఫ్రికా మూలాలను తలచుకునే క్వాంజా పండుగ చేసుకుంటున్నారు.

తెలుగువారికి ఈ లోకాన్ని దగ్గర చేసింది ఒక పుస్తకం. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని 1980లో అచ్చేసింది. గాంబియాలోని జుఫురే ఊళ్లో కుంటా కింటే అనే కుర్రాడు డప్పు చేసుకోవడానికి కట్టె కోసం అడవికి వెళ్తాడు. అక్కడే బానిసల వేటగాళ్లకు చిక్కుతాడు. ఆ వంశం కథను హేలీకి వినిపించింది తరాల చరిత్రను నోటితో అప్పజెప్పే గ్రియో. మాదిగల వంశకథలు చెప్పే డక్కలివారి లాంటివాడన్నమాట. హేలీ చెప్పిన వంశవృక్షంలో కొన్ని ముడులు నిలవవని చరిత్రకారులు తర్వాత తేల్చారు. అయినా ఆ నవల పట్టు సడలలేదు.

ఆ తెలుగు పుస్తకం వచ్చిన ఐదేళ్లకు, 1985 జులై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగునీటి చెరువు దగ్గర గేదెలను కడుగుతుంటే ఇదేమిటని అడగడంతో మొదలైన గొడవ అది. బాధితులు ఊరు వదిలి చీరాలలో తలదాచుకున్నారు. అక్కడి విజయనగర్ కాలనీ అలా పుట్టిందే. ఆ ఏడాదే బొజ్జా తారకం అధ్యక్షుడిగా, కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శిగా దళిత మహాసభ ఏర్పడింది. చావుకీ చాటింపుకీ కొట్టించిన డప్పు ఉద్యమాల్లో వేదికెక్కింది.

తెనాలి, బాపట్ల మధ్య రైలు మార్గంలో ఉంటుంది చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పై కులంవాడికి తగలడం దగ్గర రాజుకున్న కక్ష అది. చనిపోయినవారిని ఊరి నడుమే పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏటా ఆ రోజున జనం అక్కడికి వస్తారు. కోర్టు మా ఊరికే రావాలని పట్టుబట్టి, ప్రత్యేక న్యాయస్థానాన్ని చుండూరుకే రప్పించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇది ఈ నేల మీద మానని గాయం.

దళితుల గోడు కూడా ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లింది. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగింది. కులాన్ని అక్కడ చర్చకు తేవద్దని భారత ప్రభుత్వం అంది. దళిత ప్రతినిధులు వెళ్లి మరీ తెచ్చారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ తెలుగు కూలీలను కూడా దించిన రేవు అదే డర్బన్.

కారంచేడు, చుండూరు రెండూ ఇప్పుడు బాపట్ల జిల్లాలోవే. ఇంత దగ్గర జరిగినా ఈ చరిత్ర చాలావరకు పెద్దల నోళ్లలోనే మిగిలింది. తెనాలి నుంచి రేపల్లె దాకా పేటల్లో కాలేజీకి వెళ్తున్న పిల్లలు తాతమ్మలను కూర్చోబెట్టుకుని పేర్లు, తేదీలు, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో అడిగి రాసి పెట్టాలి. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.