గాలి నీడ లెక్క ఎంత కరెక్ట్?

2008 ఫిబ్రవరిలో తీసిన ఒక ఫొటో ఉంది. డెన్మార్క్ పడమటి సముద్రంలో హార్న్స్ రెవ్ విండ్ ఫార్మ్. ముందు వరుస టర్బైన్ల వెనకాల తెల్లటి పొగమంచు తోకలు, చివరి వరుస దాకా. మట్టి రోడ్డు మీద లారీ వెనక బైక్‌కి ఎలా ఉంటుందో వెనక టర్బైన్‌కీ అంతే, చెదిరిన గాలే దక్కుతుంది. దీన్ని వేక్ అంటారు. నేను గాలి నీడ అంటాను.

దీన్ని లెక్కకట్టే ఫార్ములా 1983 నాటిది. డెన్మార్క్ రిసో ప్రయోగశాలలో ఎన్.ఓ. యెన్సెన్ రాసిన చిన్న రిపోర్టు. అప్పటికి సముద్రంలో విండ్ ఫార్మ్ అనేదే లేదు. మొదటిదైన విండెబీ, 11 టర్బైన్లతో, 1991లో వచ్చింది. ఆయన ఊహ సింపుల్: నీడ వెనక్కి వెళ్లేకొద్దీ గరాటులా తిన్నగా విప్పారుతుంది. ఎంత త్వరగా అన్నది 'కె' అనే ఒక్క సంఖ్య చెబుతుంది. నేల మీద 0.075 వాడేవాళ్లు. సముద్రం మీద గాలిలో అలజడి తక్కువ, నీడ తొందరగా చెదరదు, అందుకని 0.04 లేదా 0.05.

ఈ తేడా చిన్నదేనా? హార్న్స్ రెవ్‌లో రోటర్ వ్యాసం 80 మీటర్లు, టర్బైన్ల మధ్య దూరం 560 మీటర్లు. థ్రస్ట్ గుణకం 0.8 అనుకుందాం. కె 0.075 అయితే రెండో టర్బైన్ దగ్గర గాలి వేగం 13% తగ్గుతుంది. 0.04 అయితే 23%. పవర్ వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి నష్టం 34% లేదా 54%. కోడ్‌లో ఇలాంటి మ్యాజిక్ నంబర్ కనిపిస్తే రివ్యూలో ఎవరైనా ఆపేస్తారు.

మరి కొలిస్తే? గాలి సరిగ్గా వరుస వెంబడి వీచినప్పుడు రెండో టర్బైన్ సుమారు 40% తక్కువ ఇచ్చింది. అయితే 0.04 తప్పా? తొందరపడకండి. డేటాలో గాలి దిశ అంటే పది నిమిషాల సగటు. ఆ పది నిమిషాల్లో గాలి అటూ ఇటూ ఊగుతుంది, సెన్సర్ కూడా రెండు మూడు డిగ్రీలు పక్కకి చూపించొచ్చు. అంటే మనం 'సరిగ్గా వరుసలో' అనుకున్న రీడింగుల్లో సగం వరుసలో లేనివే కావచ్చు. 2014లో డెన్మార్క్ పరిశోధకులు ఈ అనిశ్చితిని మోడల్‌లోనే కలిపి చూస్తే, పాత మోడళ్లే డేటాకి దగ్గరకొచ్చాయి. నింద ఫార్ములా మీద పడింది గానీ, దోషం చాలామటుకు కొలతది.

హమ్మయ్య అనుకున్నారా? నాకైతే ఇక్కడే భయం వేసింది. ఈ పరీక్షలన్నింటిలో ముందు వరుస పవర్‌నే 100% అని పెట్టుకున్నారు. కానీ ఫార్మ్ మొత్తం గాలికి అడ్డు కాబట్టి, ముందు వరుసకి వచ్చే గాలే కొంచెం నెమ్మదిస్తుంది. దీని పేరు బ్లాకేజ్. కొలబద్దే కుంచించుకుపోతే ఏ పరీక్షలో దొరుకుతుంది? పైగా నీడ ఫార్మ్ అంచున ఆగదు. జర్మనీ తీరంలో విమానంతో కొలిస్తే పదుల కిలోమీటర్ల దాకా కనిపించింది.

2019 అక్టోబర్‌లో ఓర్‌స్టెడ్ కంపెనీ బహిరంగంగా ప్రకటించింది: బ్లాకేజ్, వేక్ రెండింటినీ తక్కువ అంచనా వేశాం అని. కొన్ని ప్రాజెక్టుల జీవితకాల రాబడి అంచనా 7.5–8.5% నుంచి 7–8%కి దిగింది. షేర్ పడింది. ఆ తర్వాత వాళ్లు టర్బోపార్క్ అనే మోడల్ బయటపెట్టారు. అందులో గాలి అలజడి తగ్గేకొద్దీ నీడ విప్పారడం కూడా నెమ్మదిస్తుంది. యెన్సెన్ తిన్నగా గీసిన గరాటు అంచు, 37 ఏళ్ల తర్వాత, వంగింది.