స్పీడ్ గన్ వివాదం (సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ)

వాహనం ఎంత వేగంతో వెళ్తోందో యంత్రమే పట్టుకుని, ఫొటోతో సహా యజమానికి చలానా పంపే పద్ధతిపై ఉమ్మడి నల్లగొండ జిల్లాలో నడుస్తున్న వాదం. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నాయి. మిర్యాలగూడ నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఉంది. తెలంగాణలో కెమెరా చలానాల గురించి మాట్లాడేవారు ఎక్కువగా హైదరాబాద్ సిగ్నళ్ల దగ్గరే ఆగిపోతారు. ఈ మూడు ఊళ్లలో అసలు గొడవ హైవే గురించి.

ఈ హైవేకు ముందటి పాత గోల్కొండ–మచిలీపట్నం బాట 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే నడిచిన దారి. నిజాం కాలం దాటి, స్వాతంత్ర్యం వచ్చాక ఆ దిశగా సాగే రహదారికి 9వ నంబరు దక్కింది, 2010లో అది 65 అయింది.

వేగాన్ని కొలిచే కెమెరాకు ప్రపంచమంతటా పేరు తెచ్చినవాడు డచ్చి రేసు డ్రైవర్ మౌస్ గాట్సోనిడెస్. 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన ఈయన, మలుపుల్లో తన కారు వేగం తెలుసుకోవడానికి చేసుకున్న పరికరం చివరికి పోలీసుల చేతికి వెళ్లింది. మన దేశంలో దీనికి ఆధారం 1988 మోటారు వాహనాల చట్టంలోని 183వ సెక్షన్. ఒక్క సాక్షి ‘బండి వేగంగా పోయింది’ అన్నంత మాత్రాన శిక్ష వేయకూడదని, ఆ అంచనాకు యంత్రం ఆధారం ఉండాలని అందులో ఉంది. పోలీసు కంటిచూపు మీద జనాన్ని వదిలేయని ఈ నిబంధన మెచ్చుకోదగినది. యంత్రం ఉంది కాబట్టి ఇక వాదనే లేదన్న ధోరణి తర్వాత వచ్చింది.

2012 డిసెంబరు వివాదానికి అసలు మొదలు. 65వ నంబరు రహదారిపై జీఎంఆర్ సంస్థ నిర్మించిన 181 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డుపై అప్పుడే టోల్ వసూలు మొదలైంది. హైదరాబాద్ వైపు నుంచి వస్తూ సూర్యాపేటకు ఇవతల కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దాటితే, కోదాడకు అవతల చిల్లకల్లు దాకా బండి ఆగాల్సిన పని లేదు. రోడ్డు వేగానికి అనువుగా ఉంది, పక్కనున్న పల్లెలు పాత పద్ధతిలోనే ఉన్నాయి. అడ్డంగా దాటే ట్రాక్టర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, కోతల కాలంలో రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు అన్నీ అక్కడే. 2014 డిసెంబరు 6న మునగాల మండలం ఆకుపాముల వద్ద సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ కారు ట్రాక్టర్‌ను ఢీకొని ఆయన చనిపోయారు. 2018 ఆగస్టు 29న ఆయన తండ్రి, మాజీ ఎంపీ హరికృష్ణ నల్లగొండ దగ్గర అన్నెపర్తి వద్ద కారు అదుపు తప్పి మరణించారు. అది మిర్యాలగూడ మీదుగా పోయే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డే. ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఈ రెండు ప్రమాదాల తర్వాత వేగ నియంత్రణ కావాలన్న వాదనకు ఎదురు చెప్పడం కష్టమైంది.

స్పీడ్ లేజర్ గన్ కాంతి పల్సులను బండి మీదికి పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి వేగం లెక్కగడుతుంది. బండి నంబరు, వేగం, పరిమితి, తేదీ, సమయం ఒకే ఫొటోలో పడతాయి. తెలంగాణలో వెయ్యి రూపాయల జరిమానాకు 35 రూపాయల రుసుము కలిపి 1,035 కట్టాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో పెంచిన జరిమానాలను రాష్ట్రం అమలు చేయలేదు.

వాహనదారుల ఫిర్యాదులు చాలావరకు వేగపరిమితి చుట్టూ తిరుగుతాయి. నాలుగు వరుసల రోడ్డుపై కార్లకు గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతిస్తూ కేంద్రం 2018 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. 2021లో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. పరిమితి ఎక్కడ తగ్గుతుందో చెప్పే బోర్డు కనిపించదని, గన్ ఉన్న వాహనం చెట్టు చాటునో వంతెన దిగేచోటో నిలిపి ఉంటుందని డ్రైవర్లు అంటారు. బండి అమ్మేసినా పేరు మారక చలానా పాత యజమానికే పోవడం మరో తలనొప్పి. పోలీసుల జవాబు ఒక్కటే: పరిమితిలో పోయేవాడికి గన్ ఎక్కడుంటే ఏంటి? అది సగం జవాబే. గన్ వేగాన్ని పట్టుకోగలదు కానీ రాత్రిపూట వెనక లైటు లేకుండా మిర్యాలగూడ రైస్ మిల్లులకు వడ్లు తోలే ట్రాక్టర్‌ను పట్టుకోలేదు. సూర్యాపేట జనగామ క్రాస్‌రోడ్డు, దురాజ్‌పల్లి, ఆకుపాముల, కొమరబండ వంటి బ్లాక్‌స్పాట్లు అండర్‌పాసులు, సర్వీసు రోడ్లు కావాలంటున్నాయి.

చలానాల మీద గౌరవం తగ్గడానికి ప్రభుత్వ రాయితీలూ కారణమే. 2022 మార్చిలో బైకులకు 75, కార్లకు 50 శాతం మాఫీ ఇచ్చారు. 2023 డిసెంబరు 26న మొదలైన రెండో విడతలో బైకులకు 80, కార్లకూ లారీలకూ 60 శాతం మాఫీ. గడువు 2024 ఫిబ్రవరి 15 దాకా సాగింది. వెయ్యి రూపాయల చలానా ఉన్న కారు నాలుగొందలతో బయటపడింది. వెంటనే కట్టినవాడే అమాయకుడయ్యాడు. ‘మళ్లీ ఆఫర్ వస్తదిలే’ అన్నది ఆ తర్వాత పుట్టిన మాటే.

ఫిర్యాదుల్లో చాలావాటికి 2021 ఆగస్టు 11న కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లోకి తెచ్చిన 167ఏ నిబంధనలో సమాధానం ఉంది. పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి, కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి, ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. ప్రమాదాలు ఎక్కువగా ఉండే జాతీయ, రాష్ట్ర రహదారులపై పరికరాలు పెట్టే బాధ్యత రాష్ట్రాలది. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యంలో, 2024 సెప్టెంబరు 2న సుప్రీంకోర్టు దీన్ని అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. పరికరాలు పెట్టాల్సిన నగరాలంటూ నిబంధనకు జతచేసిన 132 పేర్ల పట్టికలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అందులో లేవు.