బాట పైసలు ఎవలియి?

సలి బాగున్నది, మంటకాడికి జర దగ్గరికి జరుగుండ్రి పోరగాండ్లు. పొద్దుగాల పంచాయతి ఆఫీసు కాడ లొల్లి నేను గుడ ఇన్న. వాడకట్టుల సీసీ రోడ్డు పడాలె, పైసలు పంచాయతి పెట్టాలెనా, గ్రామాభివృద్ధి కమిటీ అదే వీడీసీ పెట్టాలెనా, ఇంటింటికి చందా ఎత్తాలెనా అని ఒకలి మీద ఒకలు వడ్డరు. గీ లొల్లి ఇయ్యాల్టిది కాదు. మన బాల్కొండ దిక్కు మా నాయిన కాలం నుంచి నడుస్తనే ఉన్నది. చెప్త, ఇనుండ్రి.

నిజాం సర్కారుల శిస్తు కట్టేటప్పుడు రూపాయికి ఒక అణా పైన కట్టాలె. లోకల్ ఫండ్ సెస్సు అందురు. బాటలకు, బడులకు, దవఖానలకు అని తీసుకుంటుండ్రి. రైతు అణా ఇచ్చుడు తెలుసు గాని, అది యాడికి వోయింది, ఏ బాటల కలిసింది అని అడిగేటోడు లేకుండె. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే సడక్ మన బాల్కొండ మీదికెళ్లే పోతుండె. అదే ఎన్కకు ఏడో నంబర్ రోడ్డయ్యింది, ఇప్పుడు 44వ నంబర్ అంటున్నరు. సడక్‌కు సర్కారు పైసలు. సడక్ దిగి ఊర్లెకు మలిగినంక మనది మనమే.

ఊరి బాట మీద మొరం ఎట్ల పడుతుండెనో మా నాయిన చెప్తుండె. పెద్ద సారు దౌరకు వస్తుండు అని కబురొస్తె చాలు, పటేల్ మస్కూరిని తోలుతుండె. ఎడ్లున్నోడు బండి కట్టాలె. ఎడ్లు లేనోడు గంప వట్టాలె. మాల మాదిగ వాడలల్ల ఇంటికి ఒకలు కాదు, పిలిచినంత మంది రావాలె. కూలి లేదు, అంబలి గుడ పొయ్యరు. సారు గుర్రం మీద పోయినంక ఒక్క వాన కొడితే మొరమంత కొట్టుకపోతుండె, మల్ల వెట్టి. గా బాటకు పైసలు పెట్టింది ఎవలు అని నన్నడిగితే, వెట్టి చేసినోళ్లే అంట. కాగితం మీద మాత్రం వాళ్ల పేరు యాడ లేదు.

1948ల పోలీస్ యాక్షన్ అయినంక నిజాం రాజ్యం పోయింది. పంచాయతులు వచ్చినయి, సర్పంచులు వచ్చిండ్రు. పంచాయతికి వచ్చేది ఇంటి పన్ను, ఇంకా చిన్న చిన్న పన్నులు. దానితోని వీధి దీపాలు, బాయి పూడిక అయితే అయ్యేది, రోడ్డుకు యాడ సాలుతది?

1963 జులై 26న పోచంపాడు కాడ ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసిండు. ప్రాజెక్టు లేశింది, కాల్వలు వారినయి, మన రాత మారింది. పసుపు, మక్క, వరి, ఎర్రజొన్న విత్తనం, కొన్ని ఊర్లల్ల చెరుకు. ఎడ్లబండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినయి. పంట పెరిగిన కొద్ది బాటల బాధ పెరిగింది. పసుపు ఉడుకవెట్టి, ఆరవెట్టి, బస్తాలు నింపి నిజామాబాద్ యార్డుకు తోల్దామంటె ట్రాక్టరు వాడకట్టులనే దిగబడుతుండె. చెరుకు పెట్టినోళ్లు ముత్యంపేట ఫ్యాక్టరీకి తోలుతుండ్రి, బోధన్ దిక్కోళ్లు శక్కర్‌నగర్‌కు. చెరుకు కొనుగోలు మీద పన్ను వసూలైతుండె, గండ్ల నుంచి చెరుకు బండ్లు పోయే రోడ్లకు పైసలు పెడుతుండ్రి. అంటె చెరుకు రోడ్డు చెరుకే ఏసుకున్నట్టు. 2015 డిసెంబర్‌ల నిజాం షుగర్స్‌కు తాళం వడ్డది. బోధన్, ముత్యంపేట, మెదక్ కాడి మంబోజిపల్లి మూడూ బందైనయి. ఫ్యాక్టరీ తోనే గా పన్ను గుడ పోయింది.

ఇగ అసలు ముచ్చట జన్మభూమిది. 1997 జనవరి 1న గప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు మొదలువెట్టిండు. సర్కారు ఇంత ఇస్తది, మిగిలిన వాటా ఊరోళ్లు కట్టాలె. పైసల రూపంల గాని, సామాను రూపంల గాని, శ్రమదానం గాని. మా ఊర్ల హనుమాండ్ల గుడి ముంగట గ్రామసభ వెట్టిండ్రు. నోడల్ ఆఫీసర్ కుర్చీల కూసున్నడు, మేము చెట్టు కింద కూసున్నం. వాటా ఎవలెంత అనే కాడికి వచ్చెవరకు సభ సంత అయ్యింది.

ఒక పెద్ద రైతు లేశి, "ఇంటికింత అని సమానంగ ఎయ్యుండ్రి, బాట అందరిదే" అన్నడు. ఆయనకు ట్రాక్టర్ ఉన్నది, రెండు కల్లాలున్నయి. గప్పుడు ఒక ముసలవ్వ లేశింది. "నాకు బండి లేదు, గొడ్డు లేదు, కాళ్లకు చెప్పులు గుడ లేవు. నా కాళ్లకు బాట అరుగుతదా? నీ టైర్లకు అరుగుతదా?" అన్నది. సభంత నవ్వింది, ఆఫీసర్ గుడ నవ్విండు. రైతు ఊకుండలె. "ఆనకాలం మోర్ల నీళ్లు నా ఇంట్లకే వస్తయా అవ్వా, నీ ఇంట్లకు రావా? నీ కోడలికి నొప్పులొస్తె ఆటో లోపలికి రావాలె గదా" అన్నడు. అదీ నిజమే. ఇంకొకలు ఎకరానికింత అన్నరు. భూమి ఉన్నోడు ఒప్పుకోలె. బండికింత అన్నరు. ట్రాక్టర్లోళ్లు ఒప్పుకోలె. సర్పంచ్ ఏమంటడు? పంచాయతి ఖాతాల పైసలు లేవు అంటడు.

ఆఖరికి ఎట్ల తెగిందంటె, పైసలున్నోడు పైసలు, బండున్నోడు బండి, రెక్కలున్నోడు రెక్కలు. దుబాయ్, మస్కట్ల కొడుకులున్న ఇండ్లోళ్లు రొక్కం ఇచ్చిండ్రు. ట్రాక్టర్లోళ్లు వాగుల నుంచి దొడ్డు ఇసుక, గుట్ట కాడి నుంచి మొరం తోలిండ్రు. లేనోళ్లు కంకర ఎత్తిండ్రు. ముసలవ్వ వంతు? రోడ్డుకు నీళ్లు పట్టుడు. సిమెంటు పోసిన తెల్లారి మట్టితోని చిన్న చిన్న గట్లు కట్టి నీళ్లు నిలబెట్టినం, వరిగడ్డి కప్పినం. అవ్వ పొద్దుమాపు బిందెతోని పోసి, ఎవని మేక అటు తొక్కినా బూతులు తిడుతుండె. మిల్లర్‌ల సిమెంటు బస్తా తక్కువ ఏస్తె లెక్కపెట్టేటోళ్లు పది మంది నిలవడి ఉంటుండ్రి. ఎందుకంటె గండ్ల మా చెమట ఉన్నది. గా రోడ్డు ఇప్పటికీ ఉన్నది, నిన్న నువ్వు సైకిల్ తొక్కింది దాని మీదనే.

పక్క వాడకట్టుల కథ వేరే. అక్కడ పని పట్టిన గుత్తేదారు తెలివిగల్లోడు. "మీ వాటా మీరు కట్టుడెందుకు, నేనే కడ్త, మీరు సంతకం వెట్టుండ్రి" అన్నడు. జనం ఖుష్ అయిండ్రు, ఒక్క రూపాయి లేకుండ రోడ్డు వడ్తది గదా అని. సంతకాలు వెట్టిండ్రు, ఇంట్ల వడుకున్నరు. ఎవ్వలు గడ్డపార పట్టుకొని మందం చూడలె, ఎవ్వలు నీళ్లు పట్టలె. గుత్తేదారు తన జేబుల నుంచి కడ్తడా మరి? ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ, మందం ఇంకా తక్కువ. రెండానకాలాలకు కంకర తేలింది. గప్పట్ల చానా ఊర్లల్ల గిట్లనే నడిచింది. వాటా అనే మాట కాగితం మీదనే మిగిలింది.

ఎన్కకు వీడీసీలది జోరైంది. మన ఆర్మూర్, బాల్కొండ దిక్కు వీడీసీ మాటంటె మాటే. కులానికి ఒకలో ఇద్దరో కూసుంటరు. కల్లు, బెల్టు షాపు, కోడికూర దుకాణం, వాగుల ఇసుక, అన్నీ వేలం. ఆ పైసలతోని గుళ్లు కట్టిండ్రు, బడికి గదులు ఏసిండ్రు, రోడ్లు పోసిండ్రు. చేసిన పని చేసిండ్రు, కాదనను. పంచాయతి చట్టంల మాత్రం వీడీసీ అనే పేరు లేదు. వేలం పాడినోడు ఊకెనే పాడుతడా? సీసా మీద రేటు పెంచుతడు. అంటె గా సీసీ రోడ్డు పైసలు దినాం కూలికి పోయి మాపటీలి సీసా కొనేటోని జేబుల నుంచి వచ్చినయి, వాని పెండ్లాం దగ్గర బియ్యానికి తక్కువైనయి. వేలం వద్దని ఎదురు మాట్లాడినోళ్లకు జరిమానలు ఏసిండ్రు, కొన్ని కులాలను ఊర్లకెళ్లి బంద్ వెట్టిండ్రు. పోలీసు కేసులు గుడ అయినయి.

2006 ఫిబ్రవరిల ఉపాధి హామీ వచ్చింది. మొదటి విడతలనే మన నిజామాబాద్ జిల్లా ఉండె. గండ్ల లెక్క ఒకటుండె. కూలి కింద 60 రూపాయలు పోతే, సామాను కింద 40 ఖర్చు పెట్టొచ్చు. సీసీ రోడ్ల సిమెంటు, కంకర గా 40ల నుంచే వస్తుండె. మన ఆడోళ్లు ఎండల చెరువు మట్టి తోడితేనే, కాల్వ పూడిక తీస్తేనే ఊర్లె రోడ్డు వడేది. రోడ్డు ముంగట శిలాఫలకం మీద ఎవల పేర్లున్నయి? ఎమ్మెల్యే, ఎంపీ, జడ్పీటీసీ, సర్పంచ్. తట్ట మోసిన నీ నాయినమ్మ పేరున్నదా?

నేను చెప్పేది గిదే బిడ్డా. పంచాయతి పెట్టినా, వీడీసీ పెట్టినా, సర్కారు పెట్టినా, ఏ దారిల నుంచి వచ్చినా పైసలు మన ఊరియే. "ఎవలు పెట్టాలె" అని కొట్లాడుకున్నంత సేపు, పెట్టిన పైసలు యాడికి వోయినయో ఎవ్వలు చూడరు. 2018 పంచాయతి చట్టం రెండు నెల్లకొకసారి గ్రామసభ పెట్టాలె అని చెప్తున్నది. రేపు సభ పెట్టినప్పుడు ఇంట్ల వడుకోకుండ్రి. ఎస్టిమేట్ ఎంత, మందం ఎంత, ఏ ఖాతా పైసలు, ఎవని కూలి గండ్ల కలిసింది, అన్నీ పంచాయతి గోడ మీద రాయించుండ్రి. రాసినంకనే వాటా అడగమనుండ్రి. చందా ఇచ్చేటోడు గుడ గోడ చూసినంకనే జేబుల చెయ్యి పెట్టాలె.