బాన, పుట్టి, లారీ ట్యూబు

మా ఊరి చెరువులో చేపలు పట్టే పెద్దాయన ఒకరు ఉండేవారు. మాది గుంటూరు జిల్లాలో చిన్న పల్లె. ఆయనకు పడవ లేదు. ఎక్కడో సంపాదించిన పాత లారీ ట్యూబుకు నులకతాడుతో నిలువూ అడ్డమూ అల్లిక వేసి, పైన గోనెసంచి పరిచి, దాని మీద కూర్చుని చేతులతో నీళ్ళు నెట్టుకుంటూ వల దగ్గరకు పోయేవారు. ఆ ట్యూబు పక్కన, మూతకు మాటు వేయించిన కిరసనాయిలు డబ్బా ఒకటి ఎప్పుడూ కట్టి ఉండేది. "ఆ డబ్బా ఎందుకు తాతా?" అని ఒకసారి అడిగాను. "ట్యూబు పంచరైతే నువ్వొచ్చి లాగుతావా అబ్బాయా?" అన్నారాయన. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. ఆ మాట విని నవ్వుకుని మరచిపోయాను. నలభై ఏళ్ళ తరువాత, కొలరాడో పర్వతాలలో ఒక చల్లని సరస్సు నడుమ, నడుము లోతు నీళ్ళలో వేలాడుతూ ఉండగా అది గుర్తుకొచ్చింది. ఆ కథ తరువాత చెబుతాను.

ఇప్పుడు నేనొక ఫ్లోట్ ట్యూబు కొనవలసి వచ్చింది. దాని సంగతి తెలియనివారికి ఒక మాట. ఇది మంచినీటి సరస్సులలో గాలం వేసే ఒంటరి మనిషి వాహనం. గాలి నింపిన ట్యూబు, మధ్యలో కూర్చోవడానికి ఒక పీట, నీళ్ళలోకి వేలాడే కాళ్ళు, ఆ కాళ్ళకు రబ్బరు రెక్కలు. రెక్కలు ఆడిస్తే మనిషి వెనక్కి కదులుతాడు, చేతులు రెండూ గాలానికి ఖాళీగా ఉంటాయి. అమెరికాలో ట్రౌటు, బాస్ చేపల కోసం తిరిగేవారికి ఇది బాగా పరిచయమైన వస్తువు. దీనికి బెల్లీ బోటు అనే మారుపేరు కూడా ఉంది. పొట్ట పడవ అన్నమాట. దుకాణాలలో గుండ్రనివి, గుర్రపునాడా ఆకారంలోవి, ముందుకు తెరుచుకున్న రెండు కొమ్ములవి, ఇలా రకరకాలు ఉన్నాయి. వీటిలో ఏది మంచిదని అడిగితే ఖరీదైనదే మంచిదన్న జవాబు వస్తుంది. నాకది చాలలేదు. ఏ వస్తువైనా ఇప్పుడున్న ఆకారానికి ఎందుకు వచ్చిందో తెలిస్తే గాని ఎంచుకోలేని దురలవాటు నాది.

గాలి మీద తేలడం మనిషికి కొత్త కాదు. అసీరియా రాజు రెండవ అషుర్‌నాసిర్‌పాల్ (క్రీ.పూ. 883–859) నిమ్రూద్‌లో కట్టించిన ప్రాసాదపు రాతి పలకలు కొన్ని ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని 1840లలో లేయర్డ్ తవ్వి తీశాడు. ఒక పలక మీద బాణాల వాన నుంచి తప్పించుకుని నది దాటుతున్న మనుషులు కనిపిస్తారు. ఉబ్బిన తోలుతిత్తిని పొట్ట కింద పెట్టుకుని ఒక చేత్తో ఈదుతూ, తిత్తి మూతిని నోట పెట్టుకుని ఊదుతున్నారు. ఈదేటప్పుడు ఊదడం ఎందుకు? తోలు ఎంత బిగించి కట్టినా గాలి కారుతూనే ఉంటుంది కాబట్టి అని నా ఊహ. ఆ శిల్పి తెలిసి చెక్కాడో తెలియక చెక్కాడో గాని, ఈ వాహనం అసలు జబ్బును చూపించాడు. తరువాతి రాజులలో ఒకడైన సెన్నకెరిబ్ కాలపు నినెవే శిల్పాలలో జాలరులే తిత్తుల మీద కూర్చుని చేపలు పట్టడం కనిపిస్తుంది.

తోలుతిత్తి కంటే నన్ను ఆకట్టుకున్నది సింధు నది మీది మట్టి బాన. మొహాణా జాలరులు పల్లా చేపను పట్టడానికి కాల్చిన పెద్ద బానను నీళ్ళలో దించి, దాని మూతి మీద బోర్లా పడుకునేవారు. మూతకు బదులు మనిషి పొట్టే! కాళ్ళతో నీళ్ళు తన్నుకుంటూ, ప్రవాహం వెంట సాగుతూ, పొడవాటి కర్రకు కట్టిన వలను లోపలికి దించి, చేప పడగానే పైకి లాగి, పొట్ట కాస్త ఎత్తి బానలో వేసేవారు. పడవా అదే, బుట్టా అదే. పంతొమ్మిదవ శతాబ్దపు యాత్రికులు ఈ వేటను వింతగా వర్ణించారు. పొట్ట పడవ అన్న పేరు నిజానికి ఎవరికి దక్కాలో పాఠకులే చెప్పాలి. అన్నట్టు, ఆ పల్లా మనకు పరాయి చేప కాదు. బెంగాలీల ఇలిష్, మన గోదావరి పులస, సింధీల పల్లా ఒకటే జాతి. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చే ఆ చేపను సింధులో బాన మీద పట్టారు, గోదావరిలో నావల మీద పట్టారు.

మన వైపు పుట్టి ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్, తుంగభద్ర దాటించే గుండ్రని పడవలను వర్ణించాడు. లోపల వెదురు అల్లిక, పైన తోలు. పదిహేను ఇరవై మందిని మోస్తాయి గాని తిన్నగా పోవు, తిరుగుతూనే ఉంటాయని రాశాడు. పుట్టి ఎక్కినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గుండ్రని దానికి ముందూ వెనకా ఉండవు. ఎటు తోస్తే అటు పోతుంది, ఎటూ తోయకపోతే తిరుగుతుంది. గుండ్రని ఫ్లోట్ ట్యూబుకు కూడా ఇదే గుణం ఉంది. సుమారు అయిదు వందల ఏళ్ళ తరువాత అదే మాట నేను గాలి వీచే సరస్సులో ఇంకాస్త ఘాటుగా అన్నాను.

రబ్బరు వచ్చాక కథ వేగం పుంజుకుంది. 1823లో మకింటోష్ నీరు చొరని బట్టకు పేటెంటు తీసుకున్నాడు. గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కాల్చి గట్టిపరిచే పద్ధతికి 1844లో పేటెంటు పొందాడు. ఆ దశాబ్దంలోనే బ్రిటిష్ నౌకాదళ అధికారి పీటర్ హాల్కెట్ ఒక చిత్రమైన వస్తువు చేశాడు. భుజాన వేసుకుంటే అంగీ, తిత్తితో గాలి కొడితే పడవ. చేతికర్రే తెడ్డు, గొడుగే తెరచాప. నౌకాదళం దాన్ని మెచ్చుకుంది గాని పెద్దగా వాడుకోలేదు. వాడుకున్నవాడు జాన్ రే. 1846–47లో ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్ళినప్పుడు, రిపల్స్ అఖాతం దగ్గర వలలు వేయడానికీ వేసిన వలలు చూసుకోవడానికీ ఈ గాలి పడవనే నమ్ముకున్నాడు. హాల్కెట్ పడవలో గాలి ఒకే సంచిలో ఉండదు, విడివిడి అరలలో ఉంటుంది. దాన్ని గొడుగు తెరచాప కోసం గుర్తుపెట్టుకున్నారు గాని, నా దృష్టిలో అసలు తెలివి ఆ అరలలో ఉంది. ఇప్పటికీ ఒకటి ఆర్క్‌నీ దీవులలోని స్ట్రామ్‌నెస్ మ్యూజియంలో చూడవచ్చు.

ఆ తెలివి తరువాతివారికి అందలేదు. 1888లో డన్‌లప్ టైరు, ఆపైన లారీ వచ్చాయి. లారీల వెంటే పారేసిన ట్యూబులు వచ్చాయి. ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికన్ జాలరి చేసిన పనీ మా ఊరి తాత చేసిన పనీ ఒకటే. 20 అంగుళాల చక్రపు లారీ ట్యూబుకు కాన్వాసు తొడుగు కుట్టి మధ్యలో పీట వేలాడదీశాడు. 1937లో కనిపెట్టిన బ్యూటైల్ రబ్బరు సహజ రబ్బరు కంటే గాలిని ఎన్నో రెట్లు బాగా పట్టి ఉంచుతుంది. అసీరియా ఈతగాడి అవస్థ దానితో తీరింది. కానీ గాలి మాత్రం మళ్ళీ ఒకే గదిలో ఉంది. ఆపైన ట్యూబు లేని టైర్లు వచ్చి పాత ట్యూబులు దొరకడం తగ్గింది. వేటగాళ్ళ కోసమే ప్లాస్టిక్, యూరిథేన్ తిత్తులు తయారయ్యాయి. లారీ చక్రం ఇక లేకపోయినా, గుండ్రని ఆకారం అలవాటుగా మరికొంత కాలం మిగిలింది.

గుండ్రని ట్యూబులోకి దిగడం ఒక విద్య, బయటపడడం ఇంకొక విద్య. రెండు కాళ్ళూ పీట పట్టీల మధ్య నుంచి పోనిచ్చి, రెక్కలు తొడుక్కుని, చక్రాన్ని నడుముకు పట్టుకుని కొంగలా వెనక్కి వెనక్కి నీళ్ళలోకి నడవాలి. నీళ్ళలో ఏదైనా జరిగితే అది ఒళ్ళు విడిచిపెట్టదు. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ముందు భాగం తెరిచిన గుర్రపునాడా ఆకారం వచ్చింది అందుకే. దాన్ని సుఖం కోసం చేసిన మార్పని దుకాణంవాళ్ళు చెబుతారు. అది సుఖం కంటే ప్రాణానికి సంబంధించినదని నాకు స్వయంగా తెలిసింది.

నిరుడు వేసవిలో మా పొరుగాయన తన పాత గుండ్రని ట్యూబు ఎరువిచ్చాడు. ఉదయం ఇంటి దగ్గరే రాయిలా బిగిసేదాకా గాలి కొట్టి, వ్యాను వెనక వేసుకుని కొండెక్కాము. తప్పు నాదే. పది వేల అడుగుల ఎత్తున బయటి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో డెబ్బై శాతమే. కింద బిగించిన గాలి పైకి వెళ్ళేసరికి ఇంకా ఉబ్బుతుంది. ఆపైన ఎండ. నీళ్ళలోకి వెళ్ళిన అరగంటకు తొడుగు జిప్పు చిరిగి, తిత్తి గుమ్మడికాయలా బయటికి పొడుచుకొచ్చి, చప్పుడు చేసి పోయింది. నీటి చల్లదనం ఒక్కసారి ఛాతీ దాకా వచ్చింది. గాలి కంటే నీరు మన ఒంటి వేడిని సుమారు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. కుంగిన తొడుగు తొడలకు చుట్టుకుంది. పట్టీల నుంచి కాళ్ళు రాలేదు. వీపు వెనక దిండులో విడిగా ఉన్న చిన్న తిత్తీ, ఒంటిమీది లైఫ్ జాకెట్టూ నన్ను పైన ఉంచాయి. ఒడ్డు వంద అడుగుల దూరమైనా ఉండదు. అది చేరడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ వెనకనడకలోనే కిరసనాయిలు డబ్బా గుర్తుకొచ్చింది. పెద్దవాళ్ళు సాధారణంగా వేసుకునే లైఫ్ జాకెట్టుకు అమెరికాలో అడిగే తేలే బలం సుమారు 7 కిలోలు. తాత డబ్బా అంతకు రెట్టింపు పైగానే ఇచ్చేది. ఆయన లెక్క వేసి కట్టి ఉండరు. కానీ కట్టారు.

అందుచేత ఈసారి నా పరీక్ష ధరతో మొదలు కాలేదు. గాలి ఎన్ని గదులలో ఉంది, ప్రతి గదికీ వేరే వాల్వు ఉందా అన్నది మొదట చూశాను. రెండు పక్కలా రెండు తిత్తులు, పీటకు, వీపుకు వేరే తిత్తులు ఉన్నవి తీసి పక్కన పెట్టుకుని, మిగతావి చూడడం మానేశాను. ముందు తెరిచి ఉన్నదే కావాలన్నది రెండవ షరతు. పీట ఎత్తు దగ్గర కాస్త తర్జనభర్జన పడ్డాను. పీట నీటికి పైన ఉంటే ఒళ్ళు వెచ్చగా ఉంటుంది గాని గాలి ఎక్కువ తోస్తుంది. కింద ఉంటే నిలకడ ఎక్కువ, చలి ఎక్కువ. చల్లని నీళ్ళకు ఎత్తు పీటే ఎంచుకున్నాను. ట్యూబు మోయగలదని రాసిన బరువులో నా బరువూ, తడిసిన బట్టల బరువూ, సామాను బరువూ పోగా ఇంకా మిగిలి ఉండాలని చూశాను. తిత్తి విషయంలో ప్లాస్టిక్ చవక, చలికి గట్టిపడుతుంది. యూరిథేన్ తేలిక, ఖరీదు. జేబు ప్లాస్టిక్ అన్నది, నేను విన్నాను. ఒడి మీది బట్టకు చేప పొడవు కొలిచే గీతలు కూడా ఉన్నాయి. నా వేటకు అవి అవసరపడడం అరుదు.

కొన్న రాత్రి దాన్ని హాల్లో గాలి కొట్టి వదిలేశాను, కారుతుందేమోనని. తెల్లవారి వేలితో నొక్కితే అలాగే ఉంది. గాలంతా తీసేసి మడిచి కొండెక్కించి, సరస్సు ఒడ్డునే మళ్ళీ నింపాను. బిగువు కాస్త తక్కువగానే ఉంచి, నీళ్ళలో చల్లబడ్డాక ఇంకొంచెం కొట్టాను. వెనక పక్క, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ పాలడబ్బా ఒకటి తాడుతో కట్టాను. లెక్క ప్రకారం దాని అవసరం లేదు. పొరుగాయన చూసి, అదెందుకని అడిగాడు. తాత మాటను ఇంగ్లీషులో చెప్పబోయి, 'అబ్బాయా' దగ్గర ఆగిపోయాను.