జపాను దాచుకొన్న మన అద్దకపు గుడ్డలు

హైదరాబాదులో హైటెక్ సిటీ చెంతనున్న శిల్పారామములో కలంకారీ గుడ్డలు అమ్మకమునకు వచ్చుచుండును. కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో వేయునవి ఈ జాతివే. “వెల ఎంత?” అని అందరును అడుగుదురు, “ఎట్లు వేసినారు?” అని అడుగువారు తక్కువ. ఈ రెండవ ప్రశ్నను పూర్వము శ్రద్ధగా అడిగినవారు జపానువారు.

డచ్చివారు 1605లో మచిలీపట్టణమునను, 1609లో జపానులోని హిరాడోలోను వర్తకస్థావరములు నెలకొల్పినారు. 1641 నుండి జపానులో వారి వర్తకము నాగసాకి రేవునందలి దెషిమా దీవికి పరిమితమైనది. గుజరాతు, కోరమండల తీరముల అద్దకపు గుడ్డలు వారి ఓడలలో జపాను చేరినవి. అక్కడివారు వానిని ‘సరస’ అన్నారు. తేనీటి గోష్ఠులలో వాడు విలువైన పాత్రలకు వానితో సంచులు కుట్టినారు. చిన్న పీలికనైనను పారవేయక పుస్తకములలో అంటించి దాచినారు. హికోనె ప్రభువుల వంశమున నిలిచిన సుమారు 450 తునకలు నేడు టోక్యో జాతీయ మ్యూజియములో ఉన్నవి.

1778లో ఈ నమూనాలను వివరించు ‘సరస బెన్రన్’ అను పుస్తకము వెలువడినది. దానిని ముద్రించినదియు చెక్క అచ్చులతోనే! అంతకు 13 ఏండ్ల ముందు, 1765లో, సుజుకి హరునొబు చిత్రములతో అక్కడ బహువర్ణ ముద్రణ వ్యాప్తిలోనికి వచ్చినది.

రెండు పద్ధతులను పోల్చి చూడుడు. జపాను చిత్రమునకు చెర్రీ పలకలు వాడుదురు, రంగుకొక పలక. పలకపై కాగితమును పరచి వెనుకనుండి రుద్దుదురు. రంగులు తప్పిపోకుండ పలక అంచున రెండు గుర్తులు చెక్కుదురు. పెడనలో గుడ్డ కదలదు. టేకు అచ్చే దానిపై నడచును.

రంగులలో భేదము ఇంకను లోతైనది. సంప్రదాయ పద్ధతిలో మన అచ్చు మోయునది ఎరుపును కాదు, పటికను. కరక్కాయ కషాయములో తడిపి ఆరబెట్టిన గుడ్డను, అచ్చు వేసిన పిదప, మంజిష్ఠ వంటి వేళ్లతో ఉడికించగా పటిక పడినచోటనే ఎరుపు గట్టిగా పట్టును. బెల్లపు నీటిలో తుప్పు ఇనుము ఊరిన ద్రవము కరక్కాయలోని టానినుతో కలిసి నలుపగును.

సేకరించువాడు చూడవలసినది ఈ పనితనమునే. గీతలు పదునుగా నున్న చిత్రము పలక అరగకముందు తీసినది. అచ్చుల అతుకు ఒకించుక జరిగిన గుడ్డ చేతితో వేసినది. రెండింటికిని ఎండ శత్రువు.

చినిగిన దుప్పటి మన ఇండ్లలో మసిగుడ్డయగుట వాడుక. ఇకపై అట్టి కలంకారీ దుప్పటి నుండి ఒక చదరమును కత్తిరించి, ఊరు, సంవత్సరము వ్రాసి నోటుపుస్తకములో అంటించుడు. జపానువారు చేసినదియు ఇంతే.