సైకడెలిక్ అనుభవానికి ముందస్తు సన్నాహం

సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ, మెస్కలిన్ వంటి సైకడెలిక్ పదార్థాలను పరిశోధనలోనో చికిత్సలోనో ఇచ్చే ముందు మనిషి ఆరోగ్య చరిత్రను వడపోయడం, ఏం జరగవచ్చో విడమరచి చెప్పడం, పక్కన ఉండేవారితో నమ్మకం కుదర్చడం, గదిని సిద్ధం చేయడం, వీటన్నింటినీ కలిపి ముందస్తు సన్నాహం అంటారు. దీనికి ఆధారం ‘సెట్ అండ్ సెట్టింగ్’ అనే భావన. మనిషి ఆశలు, భయాలు, స్వభావం సెట్ కిందికి వస్తాయి. చుట్టూ ఉన్న చోటు, మనుషులు, ఆచారాలు సెట్టింగ్. 1960ల్లో హార్వర్డ్‌లో పనిచేసిన టిమొతీ లియరీ ఈ మాటకు ప్రచారం తెచ్చాడు గానీ, ఆ జాగ్రత్త అతనికన్నా చాలా పాతది.

మెక్సికోలోని వహాకా కొండల్లో మజటెక్ ప్రజలు సైలోసైబిన్ ఉండే పుట్టగొడుగులను సరదాకి తినేవారు కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, రాత్రిపూట, తెలిసిన పెద్ద సమక్షంలో, ఆ పెద్ద పాడే పాటల నడుమ పుట్టగొడుగులు తినే క్రతువు సాగేది. 1955లో మరియా సబీనా అనే మజటెక్ వైద్యురాలు నడిపిన అలాంటి క్రతువులో గోర్డన్ వాసన్ అనే అమెరికా బ్యాంకు అధికారి పాల్గొన్నాడు. 1957లో లైఫ్ పత్రికలో అతని వ్యాసం వచ్చాక ఊరికి బయటివాళ్లు ఎగబడ్డారు. వాళ్లకు పుట్టగొడుగులు కావాలి, కట్టుబాట్లు అక్కర్లేదు. ఊరివాళ్లు తప్పంతా సబీనా మీదికే నెట్టారు. ఆమె ఇల్లు కాలిపోయింది.

ప్రయోగశాలలోనూ మొదటి పాఠం భయంతోనే మొదలైంది. ఎల్‌ఎస్‌డీని తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1943 ఏప్రిల్ 19న బాసెల్‌లో 250 మైక్రోగ్రాముల ఎల్‌ఎస్‌డీ తీసుకున్నాడు. అది చాలా తక్కువ మోతాదు అనుకున్నాడు. సైకిల్ మీద ఇంటికి చేరేసరికి పొరుగింటావిడ మంత్రగత్తెలా కనిపించింది, తాను చచ్చిపోతున్నాననిపించింది. డాక్టరు వచ్చి చూస్తే కనుపాపలు విచ్చుకోవడం తప్ప తేడా ఏమీ లేదు. ఆ తర్వాత భయం తగ్గుతూ వచ్చింది. అసలేమీ చెప్పకుండా ఇచ్చిన ఘటన 1953లో జరిగింది. అమెరికా గూఢచార సంస్థ సీఐఏ మనుషులు ఫ్రాంక్ ఓల్సన్ అనే శాస్త్రవేత్తకు తెలియకుండా పానీయంలో ఎల్‌ఎస్‌డీ కలిపారు. తొమ్మిది రోజుల తర్వాత అతను న్యూయార్క్ హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. ఆ మరణంపై వివాదం నేటికీ తేలలేదు.

1962 గుడ్ ఫ్రైడే నాడు బోస్టన్ యూనివర్సిటీ మార్ష్ చాపెల్‌లో వాల్టర్ పాన్కీ అనే పరిశోధకుడు జరిపిన ప్రయోగాన్ని సన్నాహానికి ఆదర్శంగా చెబుతుంటారు. 20 మంది క్రైస్తవ వేదాంత విద్యార్థులు. పది మందికి సైలోసైబిన్, మిగతా పది మందికి పోలిక కోసం నికోటినిక్ ఆమ్లం. ప్రార్థన, సంగీతం, తెలిసిన స్నేహితులు, అన్నీ ఉన్నాయి. అయినా ఒక విద్యార్థి బయటికి వెళ్లిపోయాడు, మత్తు దించడానికి ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. పాన్కీ ఈ సంగతి రాయలేదు. 1991లో రిక్ డాబ్లిన్ అనే పరిశోధకుడు పాతవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడితే గానీ వెలుగులోకి రాలేదు.

వడపోత

మెత్తని సోఫా, పూలు, సంగీతం గురించి అందరూ మాట్లాడతారు. ప్రాణాలు కాపాడేది మాత్రం దానికి ముందు నింపే ప్రశ్నావళే. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన భద్రతా మార్గదర్శకాల ప్రకారం, తనకు గానీ దగ్గరి రక్తసంబంధీకులకు గానీ స్కిజోఫ్రేనియా, బైపోలార్ వంటి జబ్బులుంటే ఆ వ్యక్తిని పరిశోధనలోకి తీసుకోరాదు. అదుపులో లేని బీపీ, గుండెజబ్బు ఉన్నవారినీ పక్కన పెడతారు. వాడే మందులన్నీ చెప్పాలి. సైకడెలిక్‌లు లిథియం మందుతో కలిస్తే ఫిట్స్ వచ్చిన ఉదంతాలున్నాయి. అమెజాన్ ప్రాంతపు అయవాస్కా పానీయాన్ని కొన్ని డిప్రెషన్ మందులతో కలిపి తీసుకుంటే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు. అలాగని రోజూ వేసుకునే మందును సొంతంగా ఆపేయడమూ ప్రమాదమే. మన కుటుంబాల్లో ‘మేనమామకు మతి చలించింది’ లాంటి మాట పెళ్లి సంబంధాల భయంతో దాచేస్తారు. ఇక్కడ దాచిన ఆ ఒక్క మాటే కొంప ముంచవచ్చు.

ఉమ్మెత్తను ఈ సైకడెలిక్‌ల కోవలో కలిపేయడం తప్పు. అది వేరే తీరు విషం, ఏ సన్నాహమూ దాన్ని సురక్షితం చేయదు.

తోడు, గది

జాన్స్ హాప్‌కిన్స్ సంస్థ 36 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో తోడుండేవారు ముందే పలుమార్లు కలిసి, ఒక్కొక్కరితో మొత్తం ఎనిమిది గంటలు గడిపారు. భయం వస్తే పారిపోకుండా దాన్నే చూడమని, ఇది మందు ప్రభావమేనని, కొన్ని గంటల్లో దిగిపోతుందని నేర్పారు. కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు, మధ్యమధ్య బీపీ పరీక్ష. ఓదార్చడానికి చెయ్యి పట్టుకోవచ్చా లేదా అన్నది ముందే ఒప్పుకోవాలి; మత్తులో ఇచ్చిన అనుమతికి విలువ లేదు. ఇంత చేసినా ఆ 36 మందిలో 11 మంది తీవ్రమైన భయాన్ని చవిచూశారు. సన్నాహం భయాన్ని రాకుండా ఆపదు, దాన్నుంచి పుట్టే ప్రమాదాన్ని తగ్గిస్తుంది.

చట్టం

అమెరికాలోని ఓరెగాన్ 2020 ఓటింగ్‌తో సైలోసైబిన్ కేంద్రాలకు దారి తెరిచింది. అక్కడ 21 ఏళ్లు నిండాలి, ముందస్తు సమావేశం తప్పనిసరి. ఆస్ట్రేలియాలో 2023 జులై 1 నుంచి అనుమతి పొందిన సైకియాట్రిస్టులు, ఇతర చికిత్సలకు లొంగని డిప్రెషన్‌కు సైలోసైబిన్‌ను రాయవచ్చు. అమెరికా సమాఖ్య చట్టం దీన్ని ఇంకా నిషేధిస్తూనే ఉంది కాబట్టి, హెచ్1బీ వీసా మీద ఉన్న తెలుగువారు ఓరెగాన్‌లో వాడామని ఒప్పుకున్నా వీసాకు చిక్కు రావచ్చు.

భారతదేశంలో ఈ పదార్థాలు కలిగి ఉండడం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం. ఎల్‌ఎస్‌డీ 0.1 గ్రాముకు మించి దొరికితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. పైగా ఎల్‌ఎస్‌డీ పేరుతో అమ్మే స్టాంపుల్లాంటి కాగితపు ముక్కల్లో ఎన్‌బోమ్ అనే వేరే రసాయనం ఉండవచ్చు, దానివల్ల మరణాలు జరిగాయి. అందులో ఏముందో తెలియనప్పుడు ఎంత మంచి గది, ఎంత మంచి తోడు ఉన్నా లాభం లేదు. ఎవరైనా తీసుకుని స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, తమకు తాము హాని చేసుకోబోతున్నా 108కి ఫోన్ చేసి, ఏం తీసుకున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. తర్వాత రోజుల్లో మనసు కుదుటపడకపోతే టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.